తక్కువ ఖర్చులో డెస్క్‌టాప్: రిచీ స్ట్రీట్‌లో కొనడం, ఇంట్లో బిగించుకోవడం

చెన్నైలో కంప్యూటర్ సామాను అంటే రిచీ స్ట్రీటే. గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రోలో దిగితే నడిచి వెళ్లొచ్చు. ఆదివారం మాత్రం వద్దు, షట్టర్లు దించిన షాపులే ఎక్కువ కనిపిస్తాయి. తమిళం రాకపోయినా ఇబ్బంది లేదు, పార్టుల పేర్లు ఏ భాషలోనైనా ఒకటే. ఒక్క మాట గుర్తుంచుకోండి: మనం ఇంట్లో డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనేస్తాం. షాపులో మాత్రం ప్రాసెసర్ అని అడగండి.

వెళ్లేముందే మోడల్ నంబర్లతో సహా చీటీ రాసుకోండి. "తక్కువలో మంచిది ఇవ్వండి" అన్నారంటే షాపులో అమ్ముడుపోని సరుకే మీ చీటీలోకి ఎక్కుతుంది. ఒకే రోజు మూడు షాపుల్లో రేట్లు రాయించుకుని పోల్చండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, పోయిన నెల రేటు పట్టుకుని బేరమాడితే పని జరగదు.

ఆన్‌లైన్ క్లాసులు, కోడింగ్, సినిమాలు, తేలికపాటి ఆటల వరకైతే గ్రాఫిక్స్ కార్డు (స్క్రీన్ మీద బొమ్మ గీసే విడి పార్టు) అక్కర్లేదు. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ సరిపోతుంది. ఆరు కోర్లు, 65 వాట్లు, లోపలే గ్రాఫిక్స్, డబ్బాలోనే కూలర్. చివర ఆ "జీ" ఉందో లేదో చూసుకోండి. ఉత్త 5600కి గ్రాఫిక్స్ లేదు, కార్డు పెట్టకపోతే స్క్రీన్ మీద ఏమీ రాదు. ఇంటెల్‌లో తిరకాసు ఇంకోలా ఉంటుంది: ఐ3 12100లో గ్రాఫిక్స్ ఉంటుంది, చివర "ఎఫ్" చేరిందంటే ఉండదు. రేటు కాస్త తగ్గిందని ఎఫ్ తెచ్చుకుని తర్వాత తల పట్టుకునేవాళ్లు చాలామందే.

5600జీకి ఏఎం4 సాకెట్ ఉన్న మదర్‌బోర్డు, అంటే పార్టులన్నీ తగిలించే పలక, కావాలి. ఏ520 గానీ బీ550 గానీ తీసుకోండి. బీ450 చవగ్గా దొరికినా, పాత స్టాకైతే బయాస్ (బోర్డులోనే ఉండే, ఆన్ చేయగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయకుండా ఈ ప్రాసెసర్‌ని గుర్తుపట్టదు. అక్కడే అప్‌డేట్ చేయించి, స్క్రీన్ మీద చూశాకే డబ్బులివ్వండి.

ర్యామ్ డీడీఆర్4, 3200 స్పీడు. 16 జీబీ కర్ర (స్టిక్) ఒకటి కాకుండా 8 జీబీవి రెండు కొనండి. లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు కర్రలుంటే డేటా వెళ్లే దారి రెట్టింపవుతుంది, ఆటల్లో ఆ తేడా కంటికే కనిపిస్తుంది. స్టోరేజీకి ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ 500 జీబీ చాలు. అదే ఆకారంలో నెమ్మదైన సాటా రకమూ ఉంటుంది కాబట్టి డబ్బా మీద ఎన్‌వీఎంఈ అన్న మాట చదవండి.

ఇక ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటును పార్టులకు సరిపడేలా మార్చి ఇచ్చే పెట్టె. బడ్జెట్ తగ్గించాలంటే అందరి కత్తీ మొదట దీని మీదే పడుతుంది, పడకూడనిదీ దీని మీదే. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే "450 వాట్ల" పెట్టెను తిప్పి పక్కనున్న స్టిక్కర్ చదవండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా బతికేది 12 వోల్టుల లైను మీద. దాని ఎదురుగా 16 ఆంప్స్ అని ఉంటే 12ని 16తో గుణించండి: 192 వాట్లు. పైన పెద్దక్షరాల్లో ఉన్న 450 ఉత్త రంగే. నికార్సైన 450 వాట్ల దానిలో అదే లైను 35 ఆంప్స్ దరిదాపుల్లో, అంటే 420 వాట్ల వరకు ఇస్తుంది. 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందని చెప్పే గుర్తు) ఉన్న కంపెనీది కొనండి. తర్వాతెప్పుడైనా చిన్న గ్రాఫిక్స్ కార్డు పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే 550 వాట్లది తీసుకోండి, రెండుసార్లు కొనే పని తప్పుతుంది.

క్యాబినెట్‌కి ముందువైపు జాలీ ఉండాలి, కనీసం రెండు ఫ్యాన్లు ఉండాలి. ముందు గ్లాసు, లోపల రంగు లైట్లు ఉన్నవి చూడ్డానికి బాగుంటాయి గానీ మే నెల చెన్నైలో గాలి లోపలికి పోయే దారి ఉండదు.

జీఎస్‌టీ బిల్లు లేకుండా తక్కువకిస్తామంటారు. ఒప్పుకోకండి. వారంటీ అడిగేటప్పుడు బిల్లే దిక్కు. ప్రతి పార్టు సీరియల్ నంబరూ దాని మీద రాయించండి, సీళ్లు మీ ఎదుటే విప్పించండి.

బిగించడానికి స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి చాలు. బోర్డును దాని అట్టపెట్టె మీదే పరిచి, ప్రాసెసర్, కూలర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ బయటే పెట్టేయండి. ప్రాసెసర్ మూలన బంగారు రంగు త్రికోణం ఉంటుంది, సాకెట్ మీదున్న త్రికోణంతో కలపండి. లీవర్ ఎత్తి వదిలితే తనంతట తనే లోపలికి జారాలి. నొక్కకూడదు. కింద 1331 పిన్నులున్నాయి, ఒక్కటి వంగినా వారంటీ రాదు.

కూలర్ దగ్గర అందరూ తికమకపడతారు. 5600జీతో వచ్చేది స్క్రూల కూలర్. బోర్డు మీద ముందే ఉన్న రెండు ప్లాస్టిక్ పట్టీలను విప్పేయాలి. విప్పగానే వెనకాల ప్లేటు ఊడి పడుతుంది, చేత్తో పట్టుకోండి. కూలర్ అడుగున వేడిని లాగే పేస్ట్ పూసే ఉంటుంది, వేలు పెట్టొద్దు. నాలుగు స్క్రూలనూ ఎదురెదురు మూలల చొప్పున రెండేసి చుట్లు తిప్పుతూ పోండి. ఒకటే పూర్తిగా బిగిస్తే రెండోవైపు లేచిపోతుంది. ఫ్యాన్ వైరు "సీపీయూ ఫ్యాన్" అని రాసున్న పిన్నులకే.

నాలుగు స్లాట్లుంటే ర్యామ్ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కేసి 2, 4లో పెట్టండి. టక్కుమని శబ్దం రావాలి, చాలా "నో డిస్‌ప్లే" కేసులు ఆ శబ్దం రాని ర్యామ్‌వే.

క్యాబినెట్‌లో బోర్డు దించేముందు రెండు చూడండి. వెనక పోర్టుల రేకు ముందే బిగించారా? అంచులు బ్లేడులా ఉంటాయి, వేళ్లు జాగ్రత్త. ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డును రేకుకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న మేకులు) బోర్డు రంధ్రాలకు సరిగ్గా ఎదురుగానే ఉన్నాయా? రంధ్రం లేనిచోట ఒకటి మిగిలిపోతే బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతుంది. తర్వాత 24 పిన్ల కేబుల్, ప్రాసెసర్ దగ్గరి 8 పిన్ల కేబుల్. ఈ రెండోది నాలుగు, నాలుగుగా విడిపోయేది. ఆరు, రెండుగా విడిపోయేది గ్రాఫిక్స్ కార్డుది, బలవంతంగా తోయకండి.

ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగి బొమ్మ రాలేదా? మొదట మానిటర్ ఇన్‌పుట్ చూసి, 8 పిన్ల కేబుల్ ఉందో లేదో చూడండి. ఒకే ర్యామ్ కర్రతో రెండో స్లాట్‌లో ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే ప్లగ్ తీసి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టండి. దానికీ లొంగకపోతే బోర్డును మళ్లీ అట్టపెట్టె మీదికి తెచ్చి ఆన్ చేయండి. బయట పనిచేస్తే తప్పు స్టాండాఫ్‌లదే.

బొమ్మ రాగానే బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడుకు నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి, లేకపోతే చాలా 3200 ర్యామ్‌లు తక్కువ స్పీడుకే తిరుగుతాయి. విండోస్‌లో 16కి బదులు 15.4 జీబీయో, 13.9 జీబీయో కనిపిస్తే షాపువాణ్ని తిట్టకండి, మిగతాది గ్రాఫిక్స్ తన వాటాగా తీసుకుంది. పని లేనప్పుడు ప్రాసెసర్ వేడి 45, 50 డిగ్రీలుంటే ఇక్కడి ఎండకి మామూలే. పని పడగానే 90 దాటితే కూలర్ వంకరగా కూర్చున్నట్టు.

చివరగా ఎర్తింగ్. పాత అద్దె ఇళ్లలో క్యాబినెట్ రేకు ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటుంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు 230 వోల్టుల్లో సగం దాకా రేకు మీదికి వదులుతాయి, భూమిలోకి పోవాల్సిన ఆ కాస్త కరెంటుకి దారి లేక మీ వేలు దొరుకుతుంది. మల్టీమీటర్ వాడటం తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ చూపించండి: ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 దరిదాపుల్లో, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. మూడో పిన్ను విరిచి రెండు పిన్ల సాకెట్‌లో దూర్చే పని మాత్రం చేయకండి. 600 వీఏ యూపీఎస్ పెడితే క్యాబినెట్, మానిటర్ మాత్రమే దానికి తగిలించండి, లేజర్ ప్రింటర్ వేరే సాకెట్‌లో ఉండనివ్వండి.