ట్రాక్ డేకి పాత కారు కొనేముందు: బరంపురం, రాయగడ, కొరాపుట్ వైపు వాళ్లకు జాగ్రత్తలు

ట్రాక్ డే అంటే సొంత కారును రేసు ట్రాక్ మీదికి తీసుకెళ్లి వేగంగా తిప్పుకునే రోజు. బరంపురం నుంచి చెన్నై శివారులోని ఇరుంగాట్టుకోట్టైకి 16వ నంబరు జాతీయ రహదారి మీద వెయ్యి కిలోమీటర్ల పైమాటే. అక్కడి మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే 2.1 కిలోమీటర్లే గానీ, మనకు అది ఇంకా దూరం. కారును లారీ మీద ఎక్కించి పంపే స్తోమత అందరికీ ఉండదు. నడుపుకుంటూ వెళ్లాలి, ట్రాక్ మీద తిప్పాలి, అదే కారులో ఇంటికి రావాలి. ఏ కారు కొనాలన్నది సగం ఇక్కడే తేలిపోతుంది. గట్టి బ్రేకులు పదే పదే పడినా తట్టుకోవాలి. దారిలో ఏదైనా పోతే విశాఖలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో, నెల్లూరులోనో సామాను దొరకాలి. హార్స్‌పవర్ లెక్క వీటి తర్వాతే.

చేతిలో మూడు లక్షలుంటే కారుకు రెండు లక్షలు దాటనివ్వకండి. మిగిలిన లక్ష టైర్లకు, బ్రేకులకు, ఆయిల్, కూలెంట్, సస్పెన్షన్ రబ్బరు బుష్‌లకు సరిపోతుంది. ఉన్నదంతా కారుకే పోసినవాళ్లు అరిగిన ప్యాడ్లతో, గట్టిపడిన టైర్లతో ట్రాక్ ఎక్కుతారు. ప్రమాదాలకు అదే దగ్గరి దారి.

ఏ కారు చూడాలి

మొదటి కారుగా మా ఓటు పెట్రోల్ స్విఫ్ట్‌కే. 2005 నుంచి 2010 వరకు వచ్చినదానిలో 1.3 లీటర్ ఇంజన్, 87 హార్స్‌పవర్, బరువు సుమారు వెయ్యి కిలోలు. స్టీరింగ్ చెప్పినట్టు వింటుంది. చిన్న ఊరి షెడ్డులో కూడా దీన్ని విప్పి బిగించగల మెకానిక్ ఉంటాడు. ఈ ఇంజన్‌కు ఉన్నది టైమింగ్ బెల్టు, అంటే వాల్వులను సమయానికి తెరిచి మూయించే రబ్బరు పట్టీ. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే, మార్చలేదనే అనుకుని కొన్న వారంలోనే కొత్తది వేయించండి. 2010 తర్వాత వచ్చిన 1.2 లీటర్ కె-సిరీస్ ఇంజన్‌కు చైన్ ఉంటుంది కాబట్టి ఆ బెంగ తక్కువ. కాస్త ఎక్కువ పెట్టగలిగితే 2018లో వచ్చిన తరం స్విఫ్ట్ తీసుకోండి. బరువు సుమారు 900 కిలోలే, ఏబీఎస్ (గట్టి బ్రేకులో చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), రెండు ఎయిర్‌బ్యాగులు అన్ని మోడళ్లలోనూ ఉన్నాయి. బరువు తగ్గితే బ్రేకు మీద, టైరు మీద, చివరికి జేబు మీద భారం తగ్గుతుంది.

మారుతి ఎస్టీమ్, పాత జెన్ తేలికైన మంచి బండ్లే. కానీ ఎస్టీమ్ తయారీ 2007లోనే ఆగింది, ఏ కారు దొరికినా 15 ఏళ్లు దాటినదే అవుతుంది. డీజిల్ కార్లకు ముందుభాగం బరువెక్కువ, మూలమలుపులో ముందు టైర్లను తినేస్తాయి. పోలో జీటీ టీఎస్‌ఐ నడుపుతుంటే సరదాగా ఉంటుంది గానీ, పాతబడిన ఆ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు ఎండలో ట్రాక్ వేడి తగిలితే వచ్చే బిల్లు చవక కారు లెక్కను తలకిందులు చేస్తుంది. మాన్యువల్ పోలో అయితే పరవాలేదు. ఫోర్డ్ ఫిగో మలుపుల్లో నిజంగా బాగుంటుంది. కంపెనీ 2021లో ఇక్కడ తయారీ ఆపేయాలని నిర్ణయించింది కాబట్టి, బాడీ సామాను ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కున్నాకే కొనండి.

నీళ్లు, ఉప్పు, ఎర్ర దుమ్ము

మన ప్రాంతంలో పాత కారు కొనేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా భయపడాల్సింది నీట మునిగిన కారుకు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖను ముంచింది. 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి, గంజాం జిల్లాలను వరదలో పడేసింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు వరద విజయవాడలోకి వచ్చింది. ఇలా మునిగిన కార్లు శుభ్రంగా కడిగి, సీటు కవర్లు మార్చి, చవకగా చేతులు మారుతుంటాయి.

పట్టుకోవడం కష్టం కాదు, పది నిమిషాలు ఓపిక ఉంటే చాలు. నాలుగు సీటు బెల్టులూ చివరిదాకా లాగి చూడండి. పైభాగం శుభ్రంగా ఉండి, లోపల చుట్టుకున్న భాగంలో మట్టి చార కనిపిస్తే కారు మునిగినట్టే. కింది కార్పెట్ ఎత్తి ఫోమ్ వాసన చూడండి. సీటు పట్టాల బోల్టులకు తుప్పు ఉందా, స్టెప్నీ గుంటలో సన్నని ఒండ్రు ఉందా, హెడ్‌లైటు లోపల నీటి గీత ఉందా చూడండి. డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు పెట్టె దగ్గర కనెక్టర్లు రెండు ఊడదీస్తే, పిన్నులకు పచ్చటి చిలుము పట్టి ఉండవచ్చు. ఊళ్లో తిరిగినంతకాలం ఆ చిలుము ఏ తేడా చూపించకపోవచ్చు. ట్రాక్ మీద కుదుపు, వేడి పెరిగాక ఏబీఎస్‌కో, ఎలక్ట్రిక్ స్టీరింగ్‌కో కనెక్షన్ తెగుతుంది, అదీ సరిగ్గా గట్టిగా బ్రేకు నొక్కిన క్షణంలో. అందుకే మునిగిన కారు ఎంత చవకైనా వద్దు. ఇందులో బేరానికి తావు లేదు.

తాళం తిప్పగానే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు లైట్లు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే లోపం. అసలు వెలగకపోతే లోపాన్ని దాచడానికి ఎవరో బల్బు తీసేశారని అనుమానించండి.

గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు సముద్రపు గాలిలో తిరిగిన కారును లిఫ్టు మీద ఎక్కించకుండా బయానా ఇవ్వకండి. డోర్ల కింది సిల్లు, జాకీ పెట్టే చోటు, వెనక యాక్సిల్ బీము, ముందు సస్పెన్షన్ స్ట్రట్ పైన బిగించే గోపురం, బ్రేకు ఇనుప గొట్టాలు చూడాలి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. మంచి రేకు ఖంగున మోగుతుంది, తిన్న రేకు పొడిగా చప్పుడు చేస్తుంది. పలుచటి గుడ్డలో అయస్కాంతం చుట్టి సిల్లు పొడవునా జరపండి. పట్టు వదిలిన చోట లోపల పుట్టీ ఉంది. గోపురం దగ్గర తుప్పు తిన్న కారు మలుపులో చక్రం కోణం నిలబెట్టుకోలేదు, దానికి ఏ రిపేరూ లాభదాయకం కాదు.

దామన్‌జోడి బాక్సైట్ గనుల దారుల్లో తిరిగిన కారుకు ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పించండి. ఫిల్టర్ దాటి ఇంజన్ వైపు గొట్టంలో ఎర్ర దుమ్ము కనిపిస్తే పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. అనుమానం తీరాలంటే కంప్రెషన్ పరీక్ష: ఇంజన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టి, ఒక్కో సిలిండర్ కొలవాలి. నాలుగింటి మధ్య తేడా పది శాతం దాటకూడదు. తక్కువ వచ్చిన దానిలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో. ఆయిల్ మూత కింద మజ్జిగ నురగలాంటిది కనబడినా హెడ్ గ్యాస్కెట్టును అనుమానించాల్సిందే.

సాలూరు నుంచి కొరాపుట్ మధ్య సుంకి ఘాట్ రోజూ దిగిన కారుకు డిస్కులు నీలంగా కాలి ఉండవచ్చు. డిస్కు మీద కనీస మందం మిల్లీమీటర్లలో ముద్రించి ఉంటుంది. కొలిపించి, ఆ అంకెకు దగ్గరైతే రెండు వైపులా కొత్తవి వేయించండి. చక్రం గాలిలో ఉండగా పైనా కిందా పట్టి ఊపినప్పుడు ఆట (లూజు) తెలిస్తే బేరింగో బాల్ జాయింటో పోయింది. పక్కలకు ఊపితే తెలిసే ఆట టై రాడ్ ఎండ్‌ది.

బ్రేకులు, చల్లదనం, టైర్లు

పవర్ పెంచడానికి ఒక్క రూపాయి ఖర్చుపెట్టే ముందు బ్రేకు ఆయిల్ మార్చండి. డాట్ అన్నది డబ్బా మీద ఉండే బ్రేకు ద్రవం గ్రేడు. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, డాట్ 4 230 డిగ్రీలు, డాట్ 5.1 260 డిగ్రీలు. అయితే ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన డాట్ 4కి ప్రమాణం 155 డిగ్రీలే. మన తీరపు గాలిలో రెండు వర్షాకాలాలు దాటిన ఆయిల్‌తో వెళితే నాలుగైదు చుట్లకే మరిగి ఆవిరి బుడగలు కడుతుంది, పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతుంది. ట్రాక్ డేకి ముందు రెండు వారాల్లో, సీలు తీయని ఒక లీటరు డబ్బాతో పాతదంతా చక్రాల దగ్గర నుంచి బయటికి పోయేదాకా బ్లీడ్ చేయించండి. మూత తీసి ఉంచిన డబ్బా వద్దు. డాట్ 5 పేరుతో దొరికే సిలికాన్ ద్రవం వేరు, దాన్ని ఇందులో కలపకూడదు.

పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే అది ఆయిల్ తప్పు కాదు, ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలాయి. ముందు ప్యాడ్లు సగానికి పైగా ఉంటేనే బయల్దేరండి, ఇంకో కొత్త సెట్టు డిక్కీలో ఉంచుకోండి. కొత్తవి వేసినప్పుడు ఖాళీ రోడ్డు మీద 80 నుంచి 20కి మెల్లగా ఎనిమిది, పది సార్లు వేగం తగ్గించి, పూర్తిగా ఆపకుండా కొంతదూరం నడిపి చల్లారనివ్వండి. ఇంటి దగ్గరే చేయాల్సిన పని ఇది.

రేడియేటర్, హోసు పైపులు, మూత పాతవైతే మార్చండి. ఎండలో ఏసీ వేసి, ఫ్యాను రెండు మూడుసార్లు తిరిగి ఆగేదాకా కారును నిలబెట్టి ఉంచితే కూలింగ్ సంగతి తెలుస్తుంది. ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ పై గీత దాకా ఉండాలి. పొడవాటి మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు పోతుంది, తక్కువుంటే పంపు గాలి పీలుస్తుంది. పెట్రోల్ కూడా అర ట్యాంకు తగ్గనివ్వకండి.

టైరు పక్కన నాలుగంకెల సంఖ్య తయారైన వారం, సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటినది, ఎంత గాడి ఉన్నా, గట్టిపడి ఉంటుంది. ట్రాక్ మీద వేడికి గాలి ఒత్తిడి నాలుగైదు పీఎస్‌ఐ పెరుగుతుంది. మొదటి సెషన్ (ట్రాక్ మీద ఒక విడత) అవ్వగానే కొలిచి, పెరిగినదాన్ని తీయండి. తిరుగు ప్రయాణానికి ముందు, టైర్లు చల్లారాక, మళ్లీ రోడ్డు ఒత్తిడికి నింపండి.

కాగితాలు

మీరు ఉండేది ఒడిశాలో అయితే ఒడిశా నంబరు కారే కొనండి. ఆంధ్ర నంబరుదైతే పాత ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), పేరు మార్పిడికి ఫారం 29, 30, మళ్లీ ఇక్కడ జీవితకాల పన్ను. ఫైనాన్స్ ఉన్న కారైతే, అప్పు తీరిందని చూపే ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వకండి. 15 ఏళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందో లేదో ఆర్‌సీలో చూడండి.

ఇన్సూరెన్స్ పాలసీలో వినియోగ పరిమితుల భాగం చదవండి. వ్యవస్థీకృత రేసులు, వేగ పరీక్షలకు కవరేజీ లేదని అందులోనే రాసి ఉంటుంది. ట్రాక్ మీద జరిగిన నష్టం పూర్తిగా మీదే. సాధన కోసం ఘాట్ రోడ్డు, బైపాస్ ఎక్కకండి. బహిరంగ రోడ్డు మీద పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. దానికన్నా ముఖ్యం, ఆ మలుపు అవతల ఎవరో నడిచి వస్తూ ఉంటారు.

ఆ రోజు

చెన్నైలో ఏప్రిల్, మే ఎండ బ్రేకులకూ మనిషికీ మంచిది కాదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వర్షం. జనవరి, ఫిబ్రవరి తేదీలు దొరికితే అవే తీసుకోండి. ముందురోజే చేరి నిద్రపోండి. ఐఎస్ఐ గుర్తున్న ఫుల్ ఫేస్ హెల్మెట్, పొడుగు చేతుల నూలు చొక్కా, ప్యాంటు, పలుచటి అడుగు ఉన్న లేసుల బూట్లు ఉండాలి. స్టెప్నీ, జాకీ, కాలి చాపలు, నీళ్ల సీసాలు బయట పెట్టేయండి. డ్రైవర్ పాదాల కిందికి దొర్లిన ఒక్క సీసా బ్రేకు పెడల్‌ను అడ్డుకోగలదు. చక్రం నట్లు మాన్యువల్లో చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) టార్కు రెంచీతో బిగించి, ప్రతి సెషన్ తర్వాతా సరిచూడండి.

మొదటి చుట్టు మెల్లగా, తర్వాత మూడు నాలుగు చుట్లు వేగంగా, ఆఖరిది బ్రేకు దాదాపు ముట్టకుండా చల్లార్చే చుట్టు. పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి) వచ్చాక హ్యాండ్‌బ్రేక్ లాగకండి. వేడి షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. కాలు కూడా బ్రేకు పెడల్ మీద నొక్కి ఉంచకండి, ముందు ప్యాడ్ల ముద్ర డిస్కు మీద పడి తర్వాత పెడల్ అదురుతుంది. మొదటి గేరులో ఉంచి చక్రానికి చెక్క అడ్డం పెట్టండి.

సాయంత్రం ప్యాడ్ మందం, బ్రేకు ఆయిల్ మట్టం, కూలెంట్, చక్రం నట్లు వరసగా చూడండి. ప్యాడ్ నాలుగు మిల్లీమీటర్ల కన్నా తగ్గితే డిక్కీలోని కొత్త సెట్టు అక్కడే వేయించుకుని, పెడల్ గట్టిగా ఉందని రెండు మూడు సార్లు నొక్కి చూసుకున్నాకే నెల్లూరు వైపు బయల్దేరండి.