పడకలు పెరిగాయా, తగ్గాయా? లెక్క తేల్చడం ఇలా

ఆసుపత్రి రికార్డుల గదిలో ఏళ్ల తరబడి రోజూ అర్ధరాత్రి పడకల లెక్క రాసినదాన్ని. "పడకలు పెంచాం, నిధులు పెంచాం" అని ఎవరైనా అంటే ముందు కాగితం తీస్తాను.

పడకల సంఖ్యను జనాభాతో భాగించి 1000తో గుణించండి. 10 లక్షల మందికి 3000 పడకలుంటే వెయ్యికి 3. పదేళ్లకు పడకలు 3300, జనం 12 లక్షలు అయ్యారనుకోండి, వెయ్యికి 2.75. పెంచామన్నదీ నిజమే, మన వాటా తగ్గిందన్నదీ నిజమే!

నిధులకూ ఇంతే, కాకపోతే ధరల పెరుగుదల కూడా తీసేయాలి. నిధులు 5 శాతం, ధరలు 4 శాతం, జనాభా 2 శాతం పెరిగితే తలసరి నిధి తగ్గినట్టే.

అసలు చిక్కు పడక అనే మాటలోనే ఉంది. మా వార్డులో ఆరు మంచాలు పరుపులు చుట్టేసి గోడవారగా ఉండేవి. నర్సులు లేరు. నెలవారీ పట్టికలో మాత్రం ఆ ఆరూ భేషుగ్గా ఉండేవి. అందుకే మంజూరైనవెన్ని, నడుస్తున్నవెన్ని అని విడివిడిగా అడగండి.

తగ్గిన ప్రతిసారీ కంగారు పడక్కర్లేదు. శుక్లాల ఆపరేషన్‌కు ఒకప్పుడు రోజుల తరబడి పడక పట్టేది, ఇప్పుడు చాలామంది సాయంత్రానికి ఇంటికెళ్తున్నారు. నిండుదనం కూడా చూడండి: 100 పడకలు, 30 రోజులు, అంటే 3000 పడకరోజులు. అందులో 2700 వాడారంటే 90 శాతం. అలాంటి వార్డులో ఒక్కసారి జ్వరాలు పెరిగితే స్ట్రెచర్లు వరండాలోకి వస్తాయి.