సొంతంగా త్రికోణమితి – 4వ పాఠం: తిరుమల ఎన్ని డిగ్రీల్లో ఉంది?

పోయిన పాఠంలో సైన్, కాస్, టాన్‌లను లంబకోణ త్రిభుజంలో చూశాం. అక్కడ కోణం 90° దాటదు. దాటితే ఏం చేయాలన్నదే ఇవాళ్టి పాఠం.

గ్రాఫ్ పేపరు తీసుకోండి. తిరుపతి రైల్వే స్టేషన్ మూలబిందువు. తూర్పు వైపు ఎక్స్, ఉత్తరం వైపు వై. గడికి ఒక కిలోమీటరు. కోణాన్ని ఎప్పుడూ తూర్పు నుంచే మొదలుపెట్టి అప్రదక్షిణంగా కొలుస్తాం. ప్రదక్షిణంగా తిరిగితే అది రుణకోణం. (గుడి అలవాటు కొద్దీ ఇక్కడ తికమకపడతారు, జాగ్రత్త.) ఎక్స్, వై గీతలు కాగితాన్ని నాలుగు భాగాలు చేస్తాయి, ఒక్కో భాగం ఒక పాదం. అలా తిరుగుతూ పోతే శ్రీకాళహస్తి మొదటి పాదంలో, తిరుమల రెండో పాదంలో, చంద్రగిరి మూడో పాదంలో, తిరుచానూరు నాలుగో పాదంలో తగులుతాయి.

తిరుమల గుడి స్టేషన్‌కు సుమారు 8 కి.మీ. పడమర, 6 కి.మీ. ఉత్తరం. బిందువు (−8, 6). మూలబిందువు నుంచి దూరం ఆర్ = √(64 + 36) = 10. ఘాట్ రోడ్డు మెలికలతో మనకు పనిలేదు, ఇది తిన్నగా గీసిన గీత పొడవు. ఆర్ ఎప్పుడూ ధనమే.

సైన్ = వై/ఆర్ = 6/10 = 0.6
కాస్ = ఎక్స్/ఆర్ = −8/10 = −0.8
టాన్ = వై/ఎక్స్ = 6/(−8) = −0.75

ఏ పాదంలో ఏది ధనమో బట్టీ పట్టక్కర్లేదు. పడమరకు పోతే ఎక్స్ రుణం, కాబట్టి కాస్ రుణం. దక్షిణానికి పోతే సైన్ రుణం. చంద్రగిరి వైపు రెండూ రుణమే కాబట్టి టాన్ ధనమవుతుంది.

అసలు చిక్కు కోణం దగ్గర వస్తుంది. కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో లేదో చూసుకుని, −0.75కి టాన్ ఇన్వర్స్ (టాన్ విలువ ఇస్తే కోణం చెప్పేది) కొట్టండి. −36.87° వస్తుంది. అంటే తూర్పు నుంచి దక్షిణానికి దిగి, తిరుచానూరు వైపు! కొండకు దారి అడిగితే అమ్మవారి గుడి వైపు చూపించింది. పాపం, దాని తప్పేం లేదు. 6ను −8తో భాగించినా, −6ను 8తో భాగించినా వచ్చేది −0.75 ఒక్కటే. మైనస్ పైదో కిందిదో భాగించాక తెలియదు. అందుకే అది −90°కి, 90°కి మధ్యలో ఉన్న జవాబే ఇస్తుంది. ఎక్స్ రుణమైతే 180 మనమే కలుపుకోవాలి: 180 − 36.87 = 143.13°. ఇదీ తిరుమల దిక్కు.

కాస్ ఇన్వర్స్ కొడితే 143.13 నేరుగానే వస్తుంది. అలాగని దాన్ని నమ్ముకోకండి, మూడు, నాలుగు పాదాల్లో అదీ దారి తప్పిస్తుంది. ముందు బొమ్మ గీసుకోవడమే మేలు.

వచ్చే పాఠంలోగా చంద్రగిరి కోటను (−12, −5) అనుకుని మూడు విలువలూ, కోణమూ కట్టండి. టాన్ ఇన్వర్స్ ముందుగా ఏ ఊరి వైపు చూపించిందో కూడా పక్కన రాయండి.