ఎక్సెల్ కోఆర్డినేట్లు ఆటోక్యాడ్ కమాండ్ లైన్‌లో సరిగా పేస్ట్ కాకపోతే

టోటల్ స్టేషన్ (సర్వే పరికరం) పాయింట్లు ఎక్సెల్‌లో ఉన్నప్పుడు ఆటోక్యాడ్‌లో (డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్) ఒక్కొక్కటీ టైప్ చేస్తూ కూర్చోనక్కర్లేదు. లైన్ కమాండ్ ఇచ్చి కాలమ్ మొత్తం పేస్ట్ చేస్తే స్థలం సరిహద్దు దానంతటదే పడుతుంది. పడకపోతే ఇవి చూడండి.

పాయింట్లకు బదులు టేబుల్ వచ్చి కూర్చుంది
డ్రాయింగ్ మీద కంట్రోల్ వి కొట్టారు. కమాండ్లు టైప్ చేసే కమాండ్ లైన్‌లో క్లిక్ చేసి, అక్కడ కొట్టండి.

పాయింట్ తీసుకోకుండా మళ్లీ మళ్లీ అడుగుతోంది
ఆటోక్యాడ్‌కి స్పేస్ అంటే ఎంటరే. "500, 1000" అని ఉంటే కామా దగ్గరే లైను తెగిపోతుంది. రెండు కాలమ్‌లు నేరుగా కాపీ చేస్తే మధ్యలో ట్యాబ్ వస్తుంది, అదీ పనికిరాదు. మూడో కాలమ్‌లో =A2&","&B2 ఫార్ములా పెట్టి కిందికి లాగి, ఆ ఒక్క కాలమే కాపీ చేయండి.

ఫార్ములా ఉన్నా మొండికేస్తోందంటే అంకెల్లో కామాలున్నాయేమో చూడండి. సెల్ ఫార్మాట్ వల్ల కనిపించే కామాలతో ఇబ్బంది లేదు, ఫార్ములా వాటిని మోయదు. పీడీఎఫ్ నుంచి తెచ్చినప్పుడు టెక్స్ట్‌గా వచ్చిన "19,25,310.75" లాంటివే చిక్కు. అది ఎర్రర్ ఇస్తే అదృష్టమే. 950.00, 1,200.00 అనే జతను కలిపితే "950.00,1,200.00" అవుతుంది. లైన్ కమాండ్ దాన్ని ఎక్స్ 950, వై 1, ఎత్తు 200 అని తీసుకుని చప్పుడు చేయకుండా గీసేస్తుంది. పై నుంచి చూస్తే ఎత్తు తేడా కనపడదు. కాబట్టి ఫార్ములాకి ముందే ఫైండ్ రీప్లేస్‌తో కామాలన్నీ తీసేయండి.

మొదటి పాయింట్ సరే, మిగతావి ఎక్కడికో పోయాయి
డైనమిక్ ఇన్‌పుట్ (కర్సర్ పక్కనే అంకెలు తీసుకునే సదుపాయం) ఆన్‌లో ఉంటే రెండో పాయింట్ నుంచి మీ అంకెల్ని ముందు పాయింట్ నుంచి ఎంత దూరం అన్నట్టు లెక్కేసే అవకాశం ఉంది. ఎఫ్12 నొక్కి ఆపండి. ఎఫ్3తో ఆబ్జెక్ట్ స్నాప్ (దగ్గరున్న గీతలకి పాయింట్‌ని అతికించే సదుపాయం) కూడా ఆపేస్తే మంచిది, ముఖ్యంగా కమాండ్లు రాసి పెట్టుకున్న స్క్రిప్ట్ ఫైల్‌తో నడిపేటప్పుడు. పక్కనున్న పాత గీతకి పాయింట్ అతుక్కుపోతే తర్వాత పట్టుకోవడం కష్టం.

సగంలో ఆగి "అన్‌నోన్ కమాండ్" అంటోంది
మధ్యలో ఖాళీ వరుస ఉంది. ఖాళీ ఎంటర్ లైన్ కమాండ్‌ని ముగిస్తుంది, ఆ తర్వాతి అంకెలు కమాండ్లనుకుంటుంది. వరుసగా రెండు ఖాళీలుంటే రెండోది లైన్‌ని మళ్లీ మొదలుపెడుతుంది. వేర్వేరు ప్లాట్లు ఒకేసారి గీయాలంటే అదే కిటుకు.

ఆకారం తిరగబడింది
సర్వే ఫైళ్లలో చాలాసార్లు నార్తింగ్ (ఉత్తరం వైపు కొలత, అంటే వై) ముందు వస్తుంది, ఆటోక్యాడ్‌కి ఈస్టింగ్ (తూర్పు వైపు కొలత, అంటే ఎక్స్) ముందుండాలి. తెలుగు రాష్ట్రాల్లో యూటీఎం (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే మ్యాప్ పద్ధతి) అయితే చూపుతోనే తేలిపోతుంది: ఈస్టింగ్‌కి చుక్కకి ముందు 6 అంకెలు, నార్తింగ్‌కి 7.

ఏమీ కనపడట్లేదు
లక్షల్లో ఉన్న కోఆర్డినేట్లు కదా, గీత దూరంగా పడి ఉంటుంది. గీసినదంతా తెర మీదికి తెచ్చే జూమ్ ఎక్స్‌టెంట్స్ ఇవ్వండి.