మామిడి నీడలో అమ్మను రంగుల్లో పట్టుకోవాలంటే

మల్కాజిగిరిలో మా పెరట్లో మామిడిచెట్టు కింద నవారు మంచం ఉంది. పొద్దున పనయ్యాక అమ్మ తెల్ల నేతచీరలో అక్కడ నడుం వాలుస్తుంది. ఆ దృశ్యాన్ని బొమ్మగా వెయ్యాలంటే ముందు నల్లరంగు ట్యూబు పక్కన పెట్టేయండి.

తెల్లచీర మీద నీడ బూడిదరంగు కాదు. కళ్లు సగం మూసి చూడండి: నీలం, కాస్త ఊదా, ఆకుల వైపు లేతపచ్చ. తెలుపులో కొంచెం అల్ట్రామెరీన్ (ముదురు నీలం), చిటికెడు క్రిమ్సన్ (ముదురు ఎరుపు) కలిపితే ఆ నీడ దొరుకుతుంది. ఆకుల సందుల్లోంచి నేలమీద పడే ఎండచుక్కలు గుండ్రంగా ఉంటాయి, అవి సూర్యుడి ప్రతిబింబాలే. మోకాలి దగ్గర చీర మడతల మీదికొచ్చేసరికి అవే వంగి, సాగి, ముక్కలవుతాయి. తెలుపులో రవ్వంత పసుపు కలిపి, దట్టంగా, ఒక్క అద్దుతో పెట్టండి. మళ్లీ రుద్దొద్దు, నా మొదటి బొమ్మ అలాగే బురదైపోయింది. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే 1872లో వేసిన ‘స్ప్రింగ్‌టైమ్’లో అతని భార్య కామిల్ గౌను మీది చుక్కలు చూడండి, ఎంత ధైర్యంగా పెట్టాడో!

ముఖానికి రెండు మూడు రంగులు చాలు. ఎండ జరిగిపోతుంది కాబట్టి 40 నిమిషాల్లో ఆపేయాలి. మన వేడికి అక్రిలిక్ రంగు పాలెట్ (రంగులు కలిపే పలక) మీదే ఆరిపోతుంది, అడుగున తడిగుడ్డ పరవండి. అమ్మ లేచిందా, బ్రష్షులు కడిగేయండి. మిగతాది రేపు అదే వేళకి.