తిమ్మిరి పాదాలతో అలిపిరి మెట్లు ఎక్కే ముందు జాగ్రత్తలు

షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న అరికాలికి నొప్పి సరిగా తెలియదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. రాయి గుచ్చుకున్నా, బండ కాలినా పాదం చెప్పదు.

- వారం ముందే డాక్టరుకు పాదాలు చూపించండి. 10 గ్రాముల నైలాన్ పోగుతో తాకి స్పర్శ ఎంత ఉందో చూస్తారు. రెండు మూడు నిమిషాల పని. పుండు ఉంటే మాత్రం ప్రయాణం మానుకోండి, మొక్కు తర్వాతైనా తీర్చుకోవచ్చు.

- ఉత్త కాళ్ళతో ఎక్కవద్దు. మెత్తటి బూట్లు, బిగుతు లేని తెల్ల సాక్స్ వేసుకోండి. తెలుపెందుకంటే రక్తం, చీము మరక వెంటనే కనబడుతుంది. మా నాన్నగారికి బొబ్బ చితికిన సంగతి మాకు అలాగే తెలిసింది. ఆయనకు చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. బూటు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి. కొత్త జత ఆ రోజు వద్దు.

- ఎండెక్కక ముందే బయల్దేరండి.

- షుగర్ ఒక్కసారిగా పడిపోతే వేసుకోవడానికి గ్లూకోజ్ పొడి, రోజూ వాడే మందులు జేబులోనే ఉండాలి.

- తోడు మనిషి తప్పనిసరి. కూర్చున్న ప్రతిచోటా అరికాళ్ళు, వేళ్ళ సందులు చూడమనండి.

- పైకి చేరాక అలసట తీరాలని వేడినీళ్ళలో కాళ్ళు పెట్టకండి. ఎంత వేడో పాదానికి తెలియదు, చర్మం ఊడొస్తుంది.