డ్రోన్ పైలట్ పాఠాలు, 7వ భాగం: 24 నెలల లెక్క

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. అమెరికాలో నియంత్రిత గగనతలం మ్యాప్‌లో గడి మీద 200 (అక్కడ వెంటనే అనుమతి దొరికే గరిష్ఠ ఎత్తు, అడుగుల్లో) అని ఉన్నచోట 250 అడుగుల ఎత్తుకు లాన్స్‌లో, అంటే ఆన్‌లైన్‌లో అనుమతులిచ్చే వ్యవస్థలో, అప్పటికప్పుడు అనుమతి దొరుకుతుందా? దొరకదు. 200 అడుగుల లోపైతే క్షణాల్లో వస్తుంది. అంతకు మించి 400 లోపు కావాలంటే ‘ఫర్దర్ కోఆర్డినేషన్’ కింద కనీసం 72 గంటల ముందు అడగాలి. దాన్ని మనుషులు చూసి నిర్ణయిస్తారు.

ఇక ఇవాళ్టి పాఠం. అమెరికాలో పార్ట్ 107 (సరదాకు కాక పని మీద చిన్న డ్రోన్లు ఎగరేయడానికి ఉన్న నిబంధనలు) కింద ఎఫ్‌ఏఏ (అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ) ఇచ్చే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ మీద గడువు తేదీ ఉండదు. ఆ కార్డును ఎటు తిప్పి చూసినా దొరకదు. ఎందుకంటే సర్టిఫికెట్‌కు గడువు లేదు. గడువు ఉన్నది మీ పరిజ్ఞానానికి. గత 24 క్యాలెండర్ నెలల్లో మీరు మొదటి పరీక్షగానీ, ఆ తర్వాత రీకరెంట్ ట్రైనింగ్‌గానీ (పరిజ్ఞానాన్ని తాజా చేసే ఆన్‌లైన్ కోర్సు) పూర్తిచేసి ఉంటేనే రిమోట్ పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే బాధ్యత వహించే పైలట్‌గా, డ్రోన్ ఎగరేయవచ్చు. అది లేకపోతే కార్డు జేబులో ఉన్నా ఎగరేసే హక్కు లేదు. ఈ తేడా తెలియక చాలామంది కార్డును చూసుకుని ధీమాగా ఉండిపోతారు. గడువు ఎప్పుడో గుర్తుపెట్టుకునే బాధ్యత పూర్తిగా పైలట్‌దే.

లెక్క ఎక్కడ మొదలవుతుందో ముందు చూద్దాం. కార్డు మీద ఉండే జారీ తేదీ నుంచి కాదు, పరీక్ష పాసైన రోజు నుంచి. పరీక్ష రాశాక దరఖాస్తు, భద్రతా పరిశీలన, ఆ తర్వాత పోస్టులో కార్డు. ఈలోపు వారాలు గడిచిపోతాయి. జారీ తేదీ పట్టుకుని లెక్కేసినవాళ్లకు తెలియకుండానే గడువు దాటిపోతుంది. అందుకే పరీక్షా కేంద్రంలో ఇచ్చిన మార్కుల పత్రాన్ని పారేయకండి.

క్యాలెండర్ నెల అంటే నెలాఖరు వరకు. ఒకరు 2024 జూన్ 3న పాసయ్యారు, మరొకరు అదే నెల 28న పాసయ్యారు అనుకుందాం. ఇద్దరికీ 2026 జూన్ 30 వరకే. మొదటివారికి దాదాపు నెల కలిసొచ్చింది, అంతే తేడా. ఇప్పుడు రెండోవారు ముందుజాగ్రత్తగా 2026 ఏప్రిల్ 10న ట్రైనింగ్ పూర్తిచేశారు. కొత్త గడువు 2028 జూన్ అవుతుందా? కాదు, 2028 ఏప్రిల్ 30. పాత గడువులో మిగిలిన నెలలు కొత్తదానికి కలవవు. కాబట్టి మరీ ముందు చేసినా నష్టమే. నా సలహా: ఆఖరి నెల మొదటి వారంలో కూర్చోండి. ఆఖరి రోజుకు మాత్రం వదిలేయకండి. వెబ్‌సైట్ ఆ రాత్రే మొరాయించవచ్చు, మర్నాడు పొద్దున మీకు పని ఉండవచ్చు.

ట్రైనింగ్ ఎఫ్‌ఏఏ సేఫ్టీ అనే ప్రభుత్వ సైట్‌లో ఉంటుంది. ఉచితం. పార్ట్ 107 సర్టిఫికెట్ మాత్రమే ఉన్నవాళ్లు ఏఎల్‌సీ-677 అనే కోర్సు తీసుకోవాలి. విమాన పైలట్ లైసెన్సు కూడా ఉండి, ఫ్లైట్ రివ్యూ (శిక్షకుడితో కలిసి చేసే సమీక్ష) గడువులోనే ఉన్నవాళ్లకు ఏఎల్‌సీ-515 ఉంది. 2021 ఏప్రిల్‌కు ముందు పార్ట్ 107 మాత్రమే ఉన్నవాళ్ల పరిస్థితి వేరు: రెండేళ్లకోసారి డబ్బు కట్టి, పరీక్షా కేంద్రానికి వెళ్లి మళ్లీ రాయాల్సి వచ్చేది. ఇప్పటికీ అదే అనుకుని వాయిదా వేసేవాళ్లున్నారు. ఈ మార్పుతోపాటే రాత్రిపూట ఎగరేయడం కూడా పాఠ్యాంశాల్లో చేరింది. 2021 ఏప్రిల్ 6 తర్వాత పరీక్షగానీ ట్రైనింగ్‌గానీ పూర్తిచేసినవారు ప్రత్యేక మినహాయింపు అడగకుండానే చీకట్లో ఎగరేయవచ్చు. డ్రోన్‌కు 3 మైళ్ల దూరం నుంచి కనిపించే, మిణుకుమనే యాంటీ కొలిజన్ లైటు (ఢీకొనకుండా హెచ్చరించేది) మాత్రం తప్పనిసరి.

పూర్తికాగానే వచ్చే ధ్రువపత్రాన్ని వెంటనే దాచుకోండి. ఫోన్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి, డ్రోన్ పెట్టెలో కాగితం మీద ఒకటి. ఎఫ్‌ఏఏ ఇన్‌స్పెక్టరో పోలీసో అడిగితే కార్డు, ఫొటో గుర్తింపుతోపాటు మీ పరిజ్ఞానం గడువులో ఉందని చూపించేది ఈ పత్రమే.

గడువు దాటిపోతే? భయపడాల్సింది లేదు, మొదటి పరీక్ష మళ్లీ రాయక్కర్లేదు. అదే ట్రైనింగ్ చేస్తే ఆ రోజు నుంచి హక్కు తిరిగి వస్తుంది. మధ్యలో ఉన్న రోజుల్లో మాత్రం పైలట్ ఇన్ కమాండ్‌గా ఉండకూడదు. గడువులో ఉన్న మరో పైలట్ పక్కనే నిలబడి, ఏ క్షణంలోనైనా కంట్రోలర్ అందుకోగలిగేలా ఉంటే, ఆయన పర్యవేక్షణలో మీరు నడపవచ్చు. ‘డబ్బు తీసుకోవట్లేదు కదా, సరదాకే’ అనే దారి మాత్రం పట్టకండి. స్నేహితుడి ఇల్లు అమ్మకానికి పెడుతున్నారని ఊరికే ఫొటోలు తీసిచ్చినా అది సరదా కిందకు రాదు. ఇక్కడ చూసేది చేతికి డబ్బు అందిందా అని కాదు, ఎందుకు ఎగరేశారని.

ఈ 24 నెలల లెక్కతో ముడిపడని గడువులు మరికొన్ని ఉన్నాయి. వాటినీ ఇదే కాగితం మీద రాసుకోండి. డ్రోన్ రిజిస్ట్రేషన్ 3 ఏళ్లకు. పార్ట్ 107 కింద ఒక్కో డ్రోన్‌కు విడిగా 5 డాలర్లు. రిమోట్ ఐడీ (ఎగురుతుండగా డ్రోన్ గుర్తింపును ప్రసారం చేసే ఏర్పాటు) సీరియల్ నంబరు రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానితో సరిపోవాలి. కొత్త డ్రోన్ కొన్నప్పుడు, ఆ ప్రసార మాడ్యూల్‌ను ఒక డ్రోన్ నుంచి మరోదానికి మార్చినప్పుడు మరచిపోయేది ఇదే. ఇల్లు మారితే 30 రోజుల్లో ఎఫ్‌ఏఏకు కొత్త చిరునామా తెలపాలి. ఏదైనా మినహాయింపు తీసుకుని ఉంటే దాని గడువు ఆ పత్రంలోనే ఉంటుంది.

ఇంతవరకు కాగితం సంగతి. అసలు చెప్పాలనుకున్నది దీని తర్వాతే. ఈ కోర్సును ఒక్క సాయంత్రంలో గబగబా నొక్కేసి ముగించవచ్చు. అలా చేస్తే గడువు నిలబడుతుందిగానీ చదువు నిలబడదు. పార్ట్ 107లో ఎక్కడా ఎగరేసి చూపించే పరీక్ష లేదని గుర్తుంచుకోండి. మొదటిసారీ లేదు, రెండేళ్ల తర్వాతా లేదు. మీకు ఏం గుర్తుందో, మీ చేతికి ఏం వచ్చో ఎవరూ చూడరు. రోడ్డు మీద నడిచేవాళ్ల తలల దగ్గరికి, హెలికాప్టర్ తిరిగే గాలిలోకి ఒక యంత్రాన్ని పంపే మనిషి ఆ పరీక్ష తనకు తానే పెట్టుకోవాలి.

అందుకే కోర్సు తెరవక ముందు ఒక తెల్లకాగితం తీసుకుని, ఏదీ చూడకుండా రాయండి: గరిష్ఠ ఎత్తు, గరిష్ఠ వేగం, కనీస దృశ్యత, మేఘాల నుంచి ఉండాల్సిన దూరం, మద్యం తాగాక ఆగాల్సిన సమయం, ప్రమాదాన్ని తెలపాల్సిన గడువు. తర్వాత సరిచూసుకోండి. ఎత్తు నేల నుంచి 400 అడుగులు. ఏదైనా కట్టడానికి 400 అడుగుల పరిధిలో ఉంటే దాని శిఖరం మీద మరో 400 అడుగుల వరకు. వేగం గంటకు 100 మైళ్లు. దృశ్యత 3 మైళ్లు. మేఘానికి 500 అడుగుల కింద, పక్కకైతే 2,000 అడుగుల దూరం. మద్యం తర్వాత 8 గంటలు, రక్తంలో 0.04 శాతం కన్నా తక్కువ.

ప్రమాదం దగ్గర చాలామంది తడబడతారు. ఎవరికైనా తీవ్ర గాయమైనా, స్పృహ తప్పినా 10 రోజుల్లో తెలపాలి. ఆస్తి నష్టం 500 డాలర్లు దాటినా అంతే. ఆ 500లో మీ డ్రోన్ నష్టం కలవదు. రెండు వేల డాలర్ల డ్రోన్ చెట్టుకు తగిలి ముక్కలైనా, ఇంకెవరి ఆస్తికీ ఎవరి ఒంటికీ దెబ్బ తగలకపోతే రిపోర్టు అక్కర్లేదు. 600 డాలర్ల కారు అద్దం పగిలితే, డ్రోన్‌కు గీత పడకపోయినా చెప్పాలి.

తర్వాత మీ ఫ్లైట్ లాగ్ తీయండి. గత రెండేళ్లలో అన్నీ క్లాస్ జీ (నియంత్రణ లేని గగనతలం) లోనే ఎగరేసి ఉంటే, నియంత్రిత గగనతలం పాఠం మీకు దాదాపు కొత్తగా ఉంటుంది. అక్కడ నెమ్మదిగా చదవండి. రాత్రి ఒక్కసారీ ఎగరేయకపోతే, చీకటికి కళ్లు అలవాటు పడటం గురించిన భాగం రెండుసార్లు. పాత సెక్షనల్ చార్ట్ (పైలట్లు వాడే గగనతల పటం) పక్కన పడేసి కొత్తది తీసుకోండి. అవి 56 రోజులకోసారి మారతాయి.

చేతికి కూడా కొంచెం పని. మనుషులు లేని ఖాళీ స్థలంలో రిటర్న్ టు హోమ్ (డ్రోన్ తనంతట తానే బయల్దేరిన చోటికి తిరిగొచ్చే ఏర్పాటు) ఎత్తు ఎంత పెట్టారో చూసి, చుట్టుపక్కల చెట్ల కన్నా అది ఎక్కువుందని తేల్చుకుని, బటన్ నొక్కి అది వచ్చే దారిని గమనించండి. మధ్యలో ఆపి మీ చేతిలోకి తీసుకోండి. డ్రోన్ ముక్కు మీ వైపు ఉండగా కుడి ఎడమలు తారుమారవుతాయి కదా, ఆ స్థితిలో దించడం పదిసార్లు సాధన చేయండి. ఇది ఏ కోర్సూ నేర్పదు.

అభ్యాసం. ఒక పైలట్ 2023 సెప్టెంబర్ 30న పరీక్ష పాసయ్యారు, కార్డు మీద నవంబర్ తేదీ ఉంది. 2025 అక్టోబర్ 4న ఒక పెళ్లి చిత్రీకరించారు. అక్టోబర్ 20న ఏఎల్‌సీ-677 పూర్తిచేశారు. పెళ్లి రోజు ఆయన గడువులో ఉన్నారా? కొత్త గడువు ఎప్పటివరకు? పెళ్లికి తోడుగా వచ్చిన మరో పైలట్ గడువులో ఉండి ఉంటే, చిత్రీకరణ ఏ పద్ధతిలో చేసి ఉండవచ్చు? మూడింటికీ కారణంతో సహా రాసి ఉంచండి. జవాబులు ఎనిమిదో పాఠం మొదట్లో చూద్దాం. ఆ పాఠం ప్రజల తలల మీదుగా ఎగరేయడానికి ఉన్న నాలుగు కేటగిరీల గురించి.